కేబుల్ తీసేశాం. జంతువుల డాక్యుమెంటరీలు ఉచితంగా, వీలైతే తెలుగులో చూసే దారి చెప్పండి

కొర్లగుంట మిద్దె

అందరికీ నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. పోయిన నెల ఇంట్లో కేబుల్ తీసేయించాం. ప్యాకేజీ పేరు మారినప్పుడల్లా బిల్లు పెరుగుతోంది, ఎందుకు పెరిగిందని అడిగితే సరైన సమాధానం లేదు, మేం చూసేదా నాలుగైదు ఛానళ్లు. సీరియళ్లు, వార్తలు పోయినందుకు ఇంట్లో ఎవరూ బాధపడలేదు. ఇబ్బందల్లా మా అవ్వకు, అయిదో తరగతి చదివే మా పిల్లోడికి. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ కూర్చుని అడవి జంతువుల కార్యక్రమాలు చూసేవాళ్లు. అవ్వ చిన్నప్పుడు పుత్తూరు దగ్గర మేకలు కాసిన మనిషి. నక్క నడక చూసి అది ఆకలితో ఉందో లేదో చెబుతుంది. ఆ గంటసేపు ఇద్దరి మధ్య జరిగే మాటలు నాకు చాలా ఇష్టం, అది పోకూడదు.

మా టీవీ పాతది, స్మార్ట్ టీవీ కాదు. హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది. ఇంట్లో వైఫై ఉంది. మిద్దె మీద నాన్న కాలం నాటి అల్యూమినియం యాంటెన్నా ఇంకా అలాగే ఉంది. దాంతో దూరదర్శన్ అయినా వస్తుందా? ఫ్రీ డిష్ పెట్టించుకుంటే డిస్కవరీ లాంటివి వస్తాయా? అవ్వకు ఇంగ్లీషు రాదు. నెలనెలా కట్టే పని లేకుండా ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట జంక్షన్

యాంటెన్నా దింపేయండి అన్నా. దూరదర్శన్ పాత టవర్ల ప్రసారాలు 2022 నాటికి దాదాపు దేశమంతా ఆపేశారు. దాంతో ఇప్పుడు ఏమీ రాదు, గాలివానకు ఊడి ఎవరి మీదైనా పడితే ప్రమాదం. ఆ పైపు మాత్రం గట్టిగా ఉంటే ఉంచుకోండి, డిష్ బిగించడానికి పనికొస్తుంది.

చంద్రగిరి డిష్ పని

నేను డిష్‌లు బిగించే పనే చేస్తాను కాబట్టి ఫ్రీ డిష్ సంగతి వివరంగా చెబుతా.

డీడీ ఫ్రీ డిష్ ప్రసార భారతిది. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. గొడుగు (డిష్), బాక్సు, వైరు ఒక్కసారి కొనుక్కుంటే చాలు, నెలకు రూపాయి కట్టక్కర్లేదు, కార్డూ ఉండదు. సామాను, బిగింపు కలిపి మామూలుగా రెండు వేల చుట్టుపక్కల అవుతుంది. బాక్సు మాత్రం ఎంపెగ్-4ది, అంటే బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతిది, అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సు తక్కువకు ఇస్తామంటారు, దాంట్లో కొన్ని ఛానళ్లు తెరుచుకోవు.

ఇక అసలు ప్రశ్న. డిస్కవరీ, యానిమల్ ప్లానెట్, నేషనల్ జియోగ్రాఫిక్ దాంట్లో రావు. కారణం సులువు. అవి చందా డబ్బుతో నడిచే పే ఛానళ్లు. ఫ్రీ డిష్‌లో ఉండే ప్రైవేటు ఛానళ్లు వేలంలో స్లాట్ కొనుక్కుని, ప్రకటనల మీద బతుకుతాయి. కాబట్టి "ఫ్రీ డిష్ పెట్టిస్తే అన్నీ వస్తాయి" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. సప్తగిరి, యాదగిరి, ఇతర దూరదర్శన్ ఛానళ్లు, చదువుల ఛానళ్లు చాలా వస్తాయి. వాటిలో అప్పుడప్పుడు అడవుల మీద, పక్షుల మీద మంచి కార్యక్రమాలు పడతాయి. కానీ రోజూ రాత్రి ఎనిమిదికి పెట్టి చూద్దామంటే కుదరదు. మీ అవసరానికి ఫ్రీ డిష్ తోడుగా ఉండాలే గానీ దాని మీదే ఆధారపడలేరు. డబ్బు తీసుకుని బిగించేవాణ్ని నేనే ఈ మాట చెబుతున్నా.

కొర్లగుంట మిద్దె

చాలా థాంక్స్ అన్నా. ఇంత సూటిగా ఇక్కడ షాపులో ఎవరూ చెప్పలేదు. అయినా వార్తలకు, పండగ ప్రసారాలకు పెట్టించాలనే ఉంది. మా మిద్దెకు తూర్పు పక్కన పక్కింటి కొబ్బరిచెట్లు ఉన్నాయి. అడ్డం వస్తాయా?

చంద్రగిరి డిష్ పని

చాలామందికి ఇదే అనుమానం. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. మన తిరుపతి నుంచి చూస్తే సరిగ్గా ఆగ్నేయ మూలకు, ఆకాశంలో సుమారు 67 డిగ్రీల ఎత్తులో. అంటే దాదాపు నడినెత్తికి దగ్గర. తరంగాల్ని కొంచెం పక్కకు మళ్లించే ఆఫ్‌సెట్ గొడుగు కాబట్టి చూడ్డానికి అంత పైకి తిరిగినట్టు ఉండదు, కానీ అది చూసేది మాత్రం అక్కడికే. ఢిల్లీ వైపు ఉపగ్రహం కిందికి ఉంటుంది, చెట్టూ మిద్దే అడ్డం వస్తాయి. మనకు ఆ బాధ తక్కువ. చెట్టు మొవ్వు మీ గొడుగు కంటే 20 అడుగులు ఎత్తులో ఉందనుకోండి, ఆగ్నేయంలో ఎనిమిది తొమ్మిది అడుగుల లోపు ఉంటేనే అడ్డం. దాటి ఉంటే నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మట్టలు గాలికి ఊగి గొడుగుకు తగలకుండా మాత్రం చూసుకోండి.

ఇంకోటి. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు ఎక్కువ. పెద్ద వాన పడేటప్పుడు బొమ్మ ఆగిపోతే కంగారు పడొద్దు, ఈ తరంగాలు పెద్ద వానను దాటి రాలేవు, వాన తగ్గగానే బొమ్మ వచ్చేస్తుంది. వాన వెలిసి రెండు రోజులైనా రాకపోతే అప్పుడు కనెక్టర్లో నీళ్లు దిగినట్టు. ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందు తరంగాల్ని అందుకునే చిన్న పరికరం) దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి బిగించమనండి. నీటి చుక్క ఆ వంపు దగ్గర జారిపోతుంది, లోపలికి పాకదు. అయిదు నిమిషాల పని, చాలామంది చెయ్యరు.

ఆటోనగర్ ఫ్రెండ్

ఇంత కష్టం దేనికి బ్రో. ఒక ఏపీకే (ప్లే స్టోర్‌లో కాకుండా బయట దొరికే యాప్ ఫైలు) ఉంది, వేసుకుంటే డిస్కవరీ, నేట్ జియో, అన్ని ఛానళ్లూ లైవ్, తెలుగు ఆడియోతో సహా ఫ్రీ. లింకు పెడుతున్నా.

నిర్వాహకులు

లింకు తీసేశాం. దొంగ ప్రసారాల యాప్‌లు ఇక్కడ పంచుకోవద్దు.

భవానీనగర్ సిస్టమ్స్

లింకు తీసేసి మంచి పని చేశారు. ఆ మధ్య నా దగ్గరికి ఒక ఫోన్ బాగు చేయమని వచ్చింది. ఇలాంటి యాపే. టీవీ ఛానళ్లు చూపించే యాప్‌కు ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, తెర మీద ఉన్నది చదివి మన బదులు నొక్కగలిగే యాక్సెసిబిలిటీ అనుమతి ఎందుకు? ఆ రెండూ ఇస్తే బ్యాంకు ఓటీపీ వాళ్ల చేతిలో పెట్టినట్టే. పెద్దవాళ్ల ఫోన్లలో ఇవి వేసి ఇవ్వకండి. న్యాయంగా ఉచితంగా దొరికేదే బోలెడు ఉంది.

కొర్లగుంట అన్నా, మీ పాత టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది కాబట్టి ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొంటే అదే స్మార్ట్ టీవీ అవుతుంది. మూడు నుంచి అయిదు వేల మధ్య దొరుకుతాయి. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే అది కూడా వద్దు, మంచి హెచ్‌డీఎంఐ వైరు ఒకటి చాలు. ఫోన్ నుంచి నేరుగా వైరుతో పెడదామంటే చాలా ఫోన్ల టైప్-సీ పోర్టులో బొమ్మ బయటికి రాదు, ముందు మీ మోడల్‌కు ఆ సౌకర్యం ఉందో లేదో చూసుకుని వైరు కొనండి.

ఎస్వీయూ జువాలజీ

ఈ చర్చ చూసి సంతోషం వేసింది. ఏం చూడాలన్న సంగతి నేను చెబుతా.

ముందు యూట్యూబ్‌లో అసలు తీసినవాళ్ల ఛానళ్లకే వెళ్లండి. బీబీసీ ఎర్త్‌లో ఎక్కువగా చిన్న భాగాలు ఉంటాయి, గంటసేపు సాగే సంకలనాలూ ఉన్నాయి. డీడబ్ల్యూ డాక్యుమెంటరీ జర్మనీ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థది, ముప్పావుగంట సినిమాలు పూర్తిగా పెడతారు. జపాన్ వాళ్ల ఎన్‌హెచ్‌కే వరల్డ్ కూడా ఉచితమే, వాళ్ల సొంత సైట్లో చూడొచ్చు. అమెరికా ప్రజా టీవీ పీబీఎస్‌వి కొన్ని మన దేశంలో తెరుచుకోవు, వచ్చినంత వరకే. మన దేశపు జీవాల కోసమైతే బెంగళూరు నుంచి నడిచే నేచర్ ఇన్‌ఫోకస్ చూడండి, అయిదు పది నిమిషాల్లో ఒక్కో జీవి గురించి శుభ్రంగా చెబుతారు. ఫిల్మ్స్ డివిజన్ 1948లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ, 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో) కలిసింది. దాని పాత చిత్రాలు చాలా యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. నలుపు తెలుపులో, నింపాదిగా సాగుతాయి. పెద్దవాళ్లకు ఆ వేగమే నచ్చుతుంది. ప్రసార భారతి 2024 నవంబర్‌లో వేవ్స్ అనే యాప్ తెచ్చింది. దూరదర్శన్ ఛానళ్లు, పాత కార్యక్రమాలు అందులో ఉన్నాయి, చాలా భాగం ఉచితం.

తిరుపతిలో ఉన్నవాళ్లు మొదట చూడాల్సిందొకటి చెబుతా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప చనిపోయినప్పటి నుంచి మన ఇళ్లలో చిరుత అంటే భయమే మిగిలింది. ఆ భయం తప్పు కాదు. కానీ చిరుత ఎప్పుడు తిరుగుతుంది, మనుషుల పక్కనే ఉంటూ ఎలా కనబడకుండా బతుకుతుంది, ఎందుకు చీకట్లో చిన్నపిల్లల్ని ముందూ వెనకా వదలకూడదు అన్నవి పిల్లలకు తెలియాలి. బీబీసీ 2016లో ముంబై సంజయ్ గాంధీ నేషనల్ పార్కు పక్కన చిరుతల్ని థర్మల్ కెమెరాతో తీసింది. కటిక చీకట్లో ఒంటి వేడి మాత్రమే తెల్లగా కనబడుతుంది. వీధి పక్కన మనుషులు మాట్లాడుకుంటూ పోతుంటారు, కొంచెం దూరంలో చిరుత కూర్చుని ఉంటుంది, వాళ్లకు తెలియదు. ఆ భాగం బీబీసీ ఎర్త్ ఛానల్లో ఉంది. "ముంబై లెపర్డ్స్ బీబీసీ ఎర్త్" అని వెతకండి. పదిసార్లు చెప్పినా అర్థం కానిది పిల్లలకు ఆ నాలుగు నిమిషాల్లో అర్థమవుతుంది.

ఇక చూడకూడనివి. కొండచిలువ చుట్టేసిన కుక్కపిల్లను ఎవరో పరుగున వచ్చి కాపాడే వీడియోలు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు ఆ కుక్కపిల్లను అక్కడ పెట్టింది కెమెరా పట్టుకున్నవాళ్లే. కాపాడేవాడు రాకముందే రెండు మూడు కోణాల్లో కెమెరా సిద్ధంగా ఉందంటే ఆలోచించండి. యూట్యూబ్ కూడా 2021లో ఇలాంటి నాటకాల మీద నిబంధన తెచ్చింది, అయినా వస్తూనే ఉన్నాయి. చూస్తే వాళ్లకు డబ్బు, ఇంకో కుక్కపిల్లకు నరకం. ఇప్పుడు ఏఐతో చేసిన పులుల వీడియోలు తోడయ్యాయి. ఏ ఊరు, ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్న వివరం లేని ఎనిమిది పది సెకన్ల సీసీటీవీ బొమ్మను వాట్సాప్‌లో పంపకండి.

బైరాగిపట్టెడ నుంచి

సార్, పెద్ద సంస్థలు తీసినవి మాత్రం అన్నీ నిజమేనా? చప్పుళ్లు స్టూడియోలో కలుపుతారని విన్నా.

ఎస్వీయూ జువాలజీ

విన్నది నిజమే. అర కిలోమీటరు దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసేటప్పుడు సింహం నడిచే చప్పుడు మైకులో పడదు. చాలా అడుగుల చప్పుళ్లు తర్వాత కలిపినవే. కలుగులో ఎలుక, గూట్లో పురుగు లాంటివి కొన్ని ప్రత్యేకంగా కట్టిన గదుల్లో తీస్తారు, మంచి సంస్థలు ఆ సంగతి దాచవు, ఎలా తీశారో చూపించే భాగం చివర్లో పెడతాయి. నా పిల్లలకు అసలు సినిమా కంటే ఆ భాగమే ఎక్కువ ఇష్టం.

మోసం చేసిన చరిత్ర కూడా ఉంది. 1958లో వచ్చిన ఒక పేరున్న అమెరికా చిత్రంలో లెమ్మింగ్ అనే ఎలుకజాతి జీవులు గుంపుగా కొండ అంచు నుంచి దూకి ఆత్మహత్య చేసుకుంటున్నట్టు చూపించారు. ఆ చిత్రానికి ఆస్కార్ కూడా వచ్చింది. 1982లో కెనడా టెలివిజన్ వాళ్లు పరిశోధిస్తే తేలిందేమిటంటే, కెనడాలోని ఆల్బర్టాలో ఆ దృశ్యం తీసిన చోట లెమ్మింగ్‌లే ఉండవు. వేరే చోటి నుంచి తెచ్చి, అంచు దాకా తోలి, కింద పడేసి తీశారు. లెమ్మింగ్‌లు ఆత్మహత్య చేసుకుంటాయన్న అబద్ధం ఇప్పటికీ ప్రపంచమంతా చెప్పుకుంటోంది. అందుకే ఎవరు తీశారన్నది ముఖ్యం అంటున్నా.

చిత్తూరు టీచర్ కట్టమంచి

అందరూ ఛానళ్ల పేర్లు చెబుతున్నారు గానీ ఆయన అడిగిన అసలు విషయం తెలుగు. దాని గురించి నేను రాస్తా.

బాధపడాల్సిన సంగతే. ఉచితంగా, న్యాయంగా దొరికేవాటిలో మంచి తెలుగు వ్యాఖ్యానం ఉన్నవి చాలా తక్కువ. తెలుగు గొంతు కేబుల్లో డిస్కవరీ లాంటివాటికే ఉంది, సెట్‌టాప్ బాక్సులో ఆడియో మారిస్తే వచ్చేది. పల్లెటూళ్లో పెద్దవాళ్లకు సొరచేపా ధ్రువపు ఎలుగూ తెలిసింది ఆ గొంతుతోనే. 2020లో కర్ణాటక అడవుల మీద వచ్చిన చిత్రానికి ఇంగ్లీషులో డేవిడ్ అటెన్‌బరో చెబితే తెలుగులో ప్రకాశ్ రాజ్ చెప్పారు. అలా తలుచుకుంటే చేయగలరు. సప్తగిరి ఛానల్‌కు ఏడుకొండల పేరు ఉంది. ఆ ఏడుకొండల్లోని దేవాంగపిల్లి మీద, బంగారు బల్లి మీద, ఎర్రచందనం మీద వారానికి ఒక అరగంట తెలుగులో ఎందుకు ఉండకూడదు? శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ (జీవావరణ రక్షిత ప్రాంతం) అయింది. మా క్లాసులో పిల్లలకు ఆఫ్రికా సింహం, పెంగ్విన్ బాగా తెలుసు. దేవాంగపిల్లి బొమ్మ చూపిస్తే కోతిపిల్ల అంటారు. రాత్రిపూట పెద్ద పెద్ద కళ్లేసుకుని కొమ్మ మీద నింపాదిగా పాకే జీవి, మన కొండల్లోనే ఉంది, మనవాళ్లకే తెలియదు. ఇది నాకు నిజంగా బాధ.

ఇక దారులు. కంప్యూటర్ బ్రౌజర్‌లో యూట్యూబ్ చూస్తే క్యాప్షన్స్ పెట్టి, సెట్టింగ్స్‌లో ఆటో ట్రాన్స్‌లేట్‌కు వెళ్లి తెలుగు ఎంచుకోవచ్చు. తప్పులుంటాయి, కథ మాత్రం అందుతుంది. కొన్ని ఛానళ్లు వీడియోలకు వేరే భాషల ఆడియో ట్రాక్‌లు కూడా పెడుతున్నాయి, సెట్టింగ్స్‌లో ఆడియో ట్రాక్ అన్నది కనబడితే నొక్కి చూడండి. మీ అవ్వ చదవగలిగితే సరే, లేకపోతే నేను బడిలో చేసేది చెయ్యండి. శబ్దం పూర్తిగా తగ్గించి, పిల్లల్లో ఒకరిని చెప్పమంటా. ముందురోజు ఆ పిల్లో పిల్లోడో నా దగ్గర కూర్చుని ఒకసారి చూసి, ఇంగ్లీషు అర్థం అడిగి రాసుకుంటారు. మరుసటి రోజు క్లాసుకు తెలుగులో చెబుతారు. ఒక అబ్బాయి, క్లాసులో నోరు విప్పనివాడు, సముద్రపు ఉడుము పిల్ల పాముల మధ్య నుంచి పరిగెత్తే దృశ్యానికి చెప్పిన తీరు వింటే మీరూ ముందుకు వంగి కూర్చుంటారు. మీవాడు అయిదో తరగతి కదా, అవ్వకు వాడే చెబుతాడు. వాడికి ఇంగ్లీషూ వస్తుంది.

కొర్లగుంట మిద్దె

టీచరమ్మా, ఈ ఆలోచన నాకు తట్టనే లేదు. ఈ రాత్రికే మొదలుపెడతాం.

పలమనేరు రైతు

నాది పలమనేరు పక్కన పల్లె. టమాటా, కొంచెం చెరుకు. నేను డాక్యుమెంటరీలు చూసేది కాలక్షేపానికి కాదు, అందుకే రాస్తున్నా.

మాకు ఏనుగులతో బతుకు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల వైపు నుంచి ఇటు వచ్చాయని మా నాయన చెప్పేవాడు. 1990లో కౌండిన్య అభయారణ్యం చేశారు. రాత్రి చేలోకి దిగితే తెల్లారేసరికి ఏడాది కష్టం తొక్కుడు. మా వాళ్లు టపాకాయలు, మంటలు, అరుపులు, అన్నీ చేసి చూశారు. నేను రాత్రి కాపలాలో ఫోన్లో ఏనుగుల మీద ఏది దొరికితే అది చూడడం మొదలుపెట్టా. ఇంగ్లీషు పూర్తిగా రాదు, బొమ్మ చూసి, అర్థం కానిది మా అల్లుణ్ని అడుగుతా.

వాటిలో తెలిసిందేమంటే ఏనుగులు మన చెవికి వినపడని లోతైన గొంతుతో కిలోమీటర్ల దూరం మాట్లాడుకుంటాయి. 1984లో కేటీ పేన్ అనే ఆమె జూలో ఏనుగుల దగ్గర నిలబడితే గాలిలో ఏదో అదురు తెలిసిందట, అక్కణ్నుంచి కనిపెట్టింది. అది విన్నాక నాకు ఒక సంగతి అర్థమైంది. ఒక ఏనుగును ఇటు తోలితే అటు కనబడని గుంపు కూడా ఎందుకు కదులుతుందా అని చానా ఏళ్లు అనుకునేవాణ్ని.

ఇంకోటి కెన్యాలో లూసీ కింగ్ అనే శాస్త్రవేత్త తేనెపెట్టెల కంచె. పొలం చుట్టూ పది మీటర్లకొక తేనెపెట్టె వేలాడదీసి అన్నిటినీ తీగతో కలుపుతారు. ఏనుగు తీగను తాకితే పెట్టెలు ఊగుతాయి, ఈగలు లేస్తాయి. అంత పెద్ద జంతువుకూ తేనెటీగ అంటే భయం, కంటి చుట్టూ, తొండం లోపల కుడితే తట్టుకోలేదు. 2021లో ఖాదీ కమిషన్ వాళ్లు మన పక్కనే కొడగులో దీన్నే మొదలుపెట్టారు. మా ఊళ్లో అందరికీ ఆ వీడియో పంచాయతీ దగ్గర గోడ మీద తెల్లగుడ్డ కట్టి చూపించాం. ప్రొజెక్టర్ బడిది. ఇంకా పెట్టెలు పెట్టలేదు, ఎండాకాలంలో ఈగలు నిలవడానికి పూలు, నీళ్లు కావాలి, దాని మీద మాట్లాడుకుంటున్నాం. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు (అడవి ఏనుగుల్ని తోలడానికి శిక్షణ ఇచ్చినవి) వచ్చాయి, వాటి మీదా ఆశ ఉంది.

ఇదంతా కేబుల్ లేకుండానే. నా ఫోన్లో రోజువారీ డేటా చాలడం లేదు, అదొక్కటే కష్టం. ఏం చేయాలి?

భవానీనగర్ సిస్టమ్స్

రైతన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

డేటా లెక్క సుమారుగా ఇది. యూట్యూబ్‌లో బొమ్మ నాణ్యత (క్వాలిటీ) 480లో పెడితే గంటకు అర జీబీ పైచిలుకు. 720లో ఒకటి నుంచి ఒకటిన్నర. 1080లో రెండు, రెండున్నర దాకా. ఫోన్లో చిన్న తెర మీద 480కీ 1080కీ తేడా పెద్దగా తెలియదు. వీడియో కింద క్వాలిటీలో ఆటో తీసేసి 480 పెట్టండి. పగలు ఊళ్లో ఎక్కడైనా వైఫై ఉంటే యూట్యూబ్ యాప్‌లోనే డౌన్‌లోడ్ గుర్తు నొక్కి దాచుకోండి, రాత్రి చేలో నెట్ లేకపోయినా నడుస్తుంది. అన్ని వీడియోలకూ ఉండదు, చాలావాటికి ఉంటుంది.

మీ రీఛార్జ్ ప్లాన్‌లో ఏదైనా ఓటీటీ కలిపి ఇస్తున్నారేమో కూడా చూడండి. జియోహాట్‌స్టార్ కొన్ని ప్లాన్లతో వస్తుంది, అందులో నేషనల్ జియోగ్రాఫిక్‌వి ఉన్నాయి. చాలామంది ఎటూ కడుతున్న డబ్బులోనే అది ఉందని తెలియక వాడుకోరు. దానికోసమే పెద్ద ప్లాన్‌కు మాత్రం మారొద్దు.

పలమనేరు రైతు

480 పెట్టా. బొమ్మ బాగానే ఉంది. థాంక్స్ తమ్ముడూ.

తలకోన నడక

నాకు డాక్యుమెంటరీల కంటే లైవ్ కెమెరాలు ఇష్టం. ఎడిటింగ్ లేదు, సంగీతం లేదు, వ్యాఖ్యానం లేదు. కాబట్టి భాష అడ్డమే రాదు, అవ్వకు సరిగ్గా సరిపోతాయి.

నమీబియా ఎడారిలో ఒక నీటిగుంట దగ్గర కెమెరా ఉంది, యూట్యూబ్‌లో ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. "నమీబియా వాటర్‌హోల్ లైవ్" అంటే వస్తుంది. అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. మనకు రాత్రి 8:30 అంటే అక్కడ సాయంత్రం 5. జంతువులు నీళ్లకు దిగే వేళ, మీ ఇంట్లో అన్నాలయ్యే వేళ ఒకటే. పొడుగు కొమ్ముల జింకల్లాంటి ఒరిక్స్‌లు వస్తాయి, నిప్పుకోళ్లు వస్తాయి, నక్కలు వస్తాయి. ఒక్కోసారి చాలాసేపు ఎవరూ రారు, నీళ్ల మీద గాలి ఆడుతుంటుంది. అదీ చూడబుద్ధి అవుతుంది.

జూలైలో అలాస్కా ఎలుగుబంట్లను తప్పకుండా చూడండి. కాట్‌మై నేషనల్ పార్కులో బ్రూక్స్ ఫాల్స్ అనే చిన్న జలపాతం దగ్గర ఎక్స్‌ప్లోర్ అనే సంస్థ కెమెరాలు పెట్టింది. సాల్మన్ చేపలు నీటికి ఎదురీది ఎగురుతుంటే ఎలుగులు అంచున నోరు తెరిచి నిలబడతాయి. మన టైము అక్కడికి పదమూడున్నర గంటలు ముందు, కాబట్టి మనకు ఉదయం 8 అంటే అక్కడ ముందురోజు సాయంత్రం 6:30. ఆ నెలల్లో అక్కడ రాత్రి పది దాటాక కూడా వెలుతురు ఉంటుంది. సెలవు రోజు పొద్దున ఇడ్లీలు తింటూ చూడొచ్చు. శరదృతువులో చలికాలం నిద్రకు బాగా బలిసిన ఎలుగుకు ఓట్లేసే పోటీ పెడతారు, 2014 నుంచి జరుగుతోంది. పిల్లలు ఒక ఎలుగును తమదిగా చేసుకుని జూలైలో ఎంత సన్నగా ఉంది, సెప్టెంబర్‌కు ఎంతైంది అని చూసుకుంటారు.

పక్షుల గూళ్ల కెమెరాలు కావాలంటే అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షుల విభాగం వాళ్లవి ఉన్నాయి. వాళ్ల వసంతకాలంలో గుడ్డు పగలడం దగ్గర్నుంచి పిల్ల ఎగిరేదాకా చూడొచ్చు.

చిత్తూరు టీచర్ కట్టమంచి

లైవ్ కెమెరాల సంగతి నాకు కొత్త. బడికి పనికొస్తుంది, పిల్లల చేత నోటు పుస్తకంలో టైము, వచ్చిన జంతువు రాయించొచ్చు.

అందరికీ ఒక మనవి. పిల్లల ముందు యూట్యూబ్ పెట్టేటప్పుడు ఆటోప్లే ఆపేయండి. ఏనుగుతో మొదలై నాలుగో వీడియోకు ఎక్కడికో పోతుంది. పగలు మీరే చూసి ప్లేలిస్టు చేసి పెట్టుకోండి. ఎరను చంపే దృశ్యాలు చిన్నపిల్లలకు చూపించాలా వద్దా అన్నది ఇంటింటికీ వేరు. నా మట్టుకు దాచను, కానీ పక్కన కూర్చుంటాను.

సూళ్లూరుపేట

మా నేలపట్టు పక్షుల కేంద్రం గురించి ఎవరూ చెప్పలేదే! టీవీలో ఎంత చూసినా, వానలు మొదలయ్యాక వచ్చి గూడబాతులు (పెలికన్లు) నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కట్టడం కళ్లారా చూడండి. తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. పులికాట్‌లో ఫ్లెమింగోలు కూడా కలుస్తాయి. అవ్వను తీసుకురండి.

కొర్లగుంట మిద్దె

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేశామో చెబుతా, నాలాంటి వాళ్లకు ఉపయోగపడుతుందని.

యాంటెన్నా దింపేశాం, ఆ పైపుకే ఫ్రీ డిష్ గొడుగు బిగించారు. చంద్రగిరి అన్న చెప్పినట్టు వైరుకు వంపు తిప్పమని దగ్గరుండి చేయించా. కొబ్బరిచెట్లు అడ్డం రాలేదు. స్టిక్ ఇప్పుడే కొనడం లేదు, ఆఫీసు లాప్‌టాప్ సాయంత్రం ఖాళీగానే ఉంటుంది, హెచ్‌డీఎంఐ వైరుతో పెట్టుకుంటున్నాం.

ముంబై చిరుతలు చూశాం. పిల్లోడు మధ్యాహ్నమే నాతో కూర్చుని అర్థం రాసుకున్నాడు, రాత్రి అవ్వకు చెప్పాడు. అవ్వ మధ్యలో ఆపి, "దీనికి మేకలు దొరకవా, పందులూ కుక్కలే తింటాదా" అని అడిగింది. వాడి దగ్గర సమాధానం లేదు, మళ్లీ వెతుకుతున్నాడు. నమీబియా నీటిగుంట మాత్రం అవ్వకు బాగా పట్టింది. వాడు చెప్పాల్సిన పని లేదు, ఆమే చెబుతోంది. ఒరిక్స్ గుంపులో ముందు ఏది దిగుతుంది, ఏది కాపలా ఉంటుంది అని.

ఒక్క అనుమానం మిగిలింది. నమీబియా లైవ్ రాత్రి పది దాటాక నలుపు తెలుపుగా మారిపోతోంది. మా లాప్‌టాప్ సమస్యా, కెమెరాదా?

తలకోన నడక

ఏ సమస్యా లేదు అన్నా. అక్కడ చీకటి పడగానే కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌కు మారుతుంది, అందుకే రంగు ఉండదు. జంతువుల కళ్లు మెరుస్తూ కనబడతాయి. మీకు ఓపికుంటే రాత్రి పదకొండు దాకా ఉంచండి, చీకట్లో వచ్చేవి వేరే ఉంటాయి. శనివారం అయితే పిల్లోణ్ని కూడా కూర్చోబెట్టుకోవచ్చు.

ఎస్వీయూ జువాలజీ

అవ్వ అడిగిన ప్రశ్నకు సమాధానం: మేకలు దొరికితే అవీ తింటుంది. ఊరి అంచున చెత్త దగ్గర కుక్కలు, పందులు ఎక్కువ, రాత్రిపూట వాటికి కాపలా ఉండదు, అందుకే వాటి మీద పడుతుంది. మేకల్ని సాయంత్రానికి దొడ్లో తోలి తలుపు వేస్తాం కదా. మీ అవ్వ మేకలు కాసే రోజుల్లో దొడ్డి ఎలా కట్టేవాళ్లో, చిరుత వస్తే ఏం చేసేవాళ్లో అడిగి ఇక్కడ రాయండి. మా విద్యార్థులకు చదివి వినిపిస్తాను.